బ్యాలే కంపెనీ రీయూనియన్‌కి పాత టేపులు: డిజిటల్‌గా మార్చే సర్వీసుల్లో ఏది పనికొస్తుంది, ఏది పాడుచేస్తుంది

పెళ్ళి క్యాసెట్టు చూసేవాళ్ళు మొహాలు వెతుక్కుంటారు. ఒకప్పుడు బ్యాలే కంపెనీలో డాన్స్ చేసినవాళ్ళు ముందు పాదాలు చూస్తారు, తర్వాత సంగీతం వేగం పట్టుకుంటారు, ఎవరు ఏ వింగ్‌లోంచి (స్టేజి పక్క దారిలోంచి) వచ్చారో గమనిస్తారు, ఆఖరికి మొహాల దగ్గరికి వస్తారు. టేపుల్ని డిజిటల్‌గా మార్చే సర్వీసుల్లో ఎక్కువ భాగం మొదటి రకం వాళ్ళ కోసం పెట్టుకున్నవే. అందుకే మామూలు వినియోగదారులు అయిదు నక్షత్రాలు ఇచ్చిన సర్వీసు కూడా రీయూనియన్ సాయంత్రం తెర మీద తేలిపోతుంది. రంగులు ఎంత ముద్దుగా ఉన్నాయన్నది మాకు అనవసరం. పాదం కనిపిస్తోందా, వేగం సరిగ్గా ఉందా, కుడి ఎడమలు తారుమారు కాలేదా అన్న మూడు ప్రశ్నలతోనే ఈ సర్వీసుల్ని కొలిచాం.

దొరికే సర్వీసులు స్థూలంగా నాలుగు రకాలు: టేపులన్నీ పెట్టెలో వేసి పంపితే మార్చి పంపే పెద్ద సంస్థలు, ఫోటో స్టూడియో పక్కన ఇదీ ఒక పనిగా పెట్టుకున్న చిన్న షాపులు, ఆర్కైవులకి పనిచేసే ప్రత్యేక ల్యాబులు, మంచి మిషన్లు పోగేసుకుని ఒక్కరే చేసిపెట్టే ఔత్సాహికులు.

పెద్ద సంస్థలతో మొదలుపెడదాం, ఎందుకంటే రీయూనియన్ కమిటీలు ముందు వెళ్ళేది అక్కడికే. అక్కడ ఒకేసారి పదుల కొద్దీ వీసీఆర్‌లు నడుస్తుంటాయి, ఏ ఒక్కదాని ముందూ మనిషి కూర్చోడు. ట్రాకింగ్ తప్పి బొమ్మ అడుగున గీతలు పడుతున్నా అలాగే రికార్డయిపోతుంది. అది సరిచేసుకోవచ్చు, మళ్ళీ చేయమని అడగొచ్చు. అసలు నష్టం ఇంకోచోట జరుగుతుంది.

వీహెచ్ఎస్, వీడియో8, యూమాటిక్ లాంటి పాత టేపుల్లో బొమ్మ ఒక్కసారిగా పడదు. సరి గీతలు ఒక విడత, బేసి గీతలు ఒక విడత పడతాయి. ఒక్కో విడతని ఫీల్డ్ అంటారు. ఒక్కో దేశం ఒక్కో టీవీ పద్ధతి వాడింది: పాల్ పద్ధతిలో సెకనుకి 50 ఫీల్డులు, ఎన్‌టీఎస్‌సీలో 60కి కాస్త తక్కువ. ఆ రెండు విడతల మధ్య డాన్సరు కదిలిపోతారు కాబట్టి ప్రతి ఫీల్డూ వేరే క్షణం. పెద్ద సంస్థలు రెండు ఫీల్డుల్ని కలిపి ఒక ఫ్రేముగా చేసి, సెకనుకి 25 ఫ్రేముల ఎంపీ4 ఇస్తాయి. కొన్ని రెండో ఫీల్డుని పారేస్తాయి, కొన్ని రెండింటినీ ఒకదాని మీద ఒకటి పులిమేస్తాయి. పుట్టినరోజు వీడియోలో ఇది ఎవరి కంటికీ ఆనదు.

వేగంగా చిన్న చిన్న గెంతులు వేసే పెటీ అలెగ్రోలో మాత్రం కొంప మునుగుతుంది. 25 సెంటీమీటర్ల ఎత్తు గెంతితే మనిషి గాల్లో ఉండేది 0.45 సెకను. ఆ కాస్త వ్యవధిలో ఆంత్రెషా కాత్ర్ అనే, గాల్లో కాళ్ళు మార్చే గెంతు పూర్తవ్వాలి: ముందున్న కాలు వెనక్కి మారాలి, మళ్ళీ ముందుకొచ్చి అయిదో పొజిషన్లో దిగాలి. 50 ఫీల్డులూ నిలిస్తే ఆ గెంతుకి 22 బొమ్మలు దక్కుతాయి. 25కి కుదిస్తే 11. పులిమేసిన ఫైల్లో అయితే రెండు మడమల బదులు నాలుగు మడమలు పొగలా కనిపిస్తాయి, వేసింది ఆంత్రెషా కాత్రా, కాళ్ళు ఇంకోసారి మారే ఆంత్రెషా సీసా అన్నది ఎవరూ తేల్చలేరు. ఆ తెర ముందు కూర్చునేదేమో ముప్పై ఏళ్ళ పాటు రోజూ పొద్దున్నే ఆ బీట్లు లెక్కపెట్టుకున్న వాళ్ళు!

కాబట్టి ఫీల్డుల్ని పూర్తి ఫ్రేములుగా మార్చే పని (డీఇంటర్‌లేస్) గురించి ఆర్డరు పెట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "డీఇంటర్‌లేస్ చేశాక పాల్ టేపుకి సెకనుకి 50 ఫ్రేములు, ఎన్‌టీఎస్‌సీ టేపుకి 59.94 ఫ్రేములు ఇస్తారా? లేదా డీఇంటర్‌లేస్ చేయకుండా ఉన్నదున్నట్టు ఇస్తారా?" రెండిట్లో దేనికి అవునన్నా మంచిదే. ఉన్నదున్నట్టు ఇస్తే మనమే క్యూటీజీఎంసీ లాంటి ఫిల్టరుతో తర్వాత చేసుకోవచ్చు. ప్రశ్నే అర్థం కాలేదంటే టేపులు వెనక్కి తెచ్చేసుకోవడం మేలు.

ఇదే రకం సంస్థల్లో రెండో లోపం తెర కొలత. పాత టేపుల్లో బొమ్మ వెడల్పు ఎత్తుల నిష్పత్తి దాదాపు అన్నిట్లో 4:3. వాటిని 16:9కి సాగదీస్తే మనుషులు ఉన్నదానికంటే మూడో వంతు ఎక్కువ వెడల్పవుతారు. జీవితమంతా అద్దం ముందు గడిపినవాళ్ళకి ఇంతకంటే అవమానం ఉండదు. సాగదీయకుండా పైనా కిందా కత్తిరిస్తే ఎత్తులో నాలుగో వంతు పోతుంది, మొదట పోయేవి పాదాలే. పక్కల నల్ల పట్టీలు వదిలేసి 4:3గానే ఉంచమని ఆర్డరు ఫారం మీద రాసి పంపాలి. ఫోన్లో చెబితే మర్చిపోతారు.

మూడోది "ఖాళీ భాగాలు తీసేస్తాం" అనే సదుపాయం. దీన్ని ఉచితంగా ఇచ్చినా వద్దనాలి. రిహార్సల్ టేపులో సాఫ్ట్‌వేర్‌కి ఖాళీగా కనిపించేది సంగీతం ఆగాక బ్యాలే మాస్టర్ ఇచ్చే నోట్స్, పియానిస్టు మళ్ళీ ఎక్కణ్ణించి ఎత్తుకోవాలో అడగడం, మూల నిలబడి ఒకరు కాళ్ళతో కాకుండా చేతులతో స్టెప్పులు గుర్తుచేసుకోవడం. ప్రదర్శన టేపులో అయితే సీన్ల మధ్య చీకటి, కర్టెన్ కాల్స్. రీయూనియన్‌లో టేపు ఆపమని జనం అరిచేది సరిగ్గా ఆ చోట్లే.

చిన్న షాపుల సంగతి త్వరగా తేల్చేయొచ్చు. చాలావాటిలో మామూలు వీసీఆర్‌ని డీవీడీ రికార్డర్‌కి తగిలిస్తారు. డీవీడీలోకి వెళ్ళేది ఎంపెగ్2గా కుదించిన బొమ్మ; రెండు గంటల టేపుని ఒక్క డిస్కులో ఇరికిస్తే, నల్ల తెర ముందు తెల్ల ట్యూట్యూలు (బ్యాలే గౌన్లు) వేగంగా తిరిగేచోట గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. టేపు చేతికిచ్చి, చేతికి తీసుకోవచ్చు, పోస్టులో పోతుందన్న బెంగ లేదు. ఈ షాపులకున్న సుగుణం అదొక్కటే.

ఔత్సాహికులు చేసే పని మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకుంది, వీహెచ్ఎస్ వరకూ. చివరిగా వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన ఫునాయ్ 2016 జూలైలో మానేసింది. కాబట్టి ఇప్పుడు ఎక్కడ నడుస్తున్నదైనా పాత మిషనే. అరిగిన హెడ్లు మార్చి, శుభ్రం చేసి, కాపాడుకునేవాళ్ళ దగ్గరే అది బాగా నడుస్తుంది. ఇలాంటివాళ్ళు లైన్ టీబీసీ (టేపు సిగ్నల్ టైమింగ్‌ని సరిచేసే పరికరం) ఉన్న ఎస్‌వీహెచ్ఎస్ మిషను వాడతారు, దానివల్ల నిలువు గీతలు వణకవు. వెనకాల ఫుల్ ఫ్రేమ్ టీబీసీ కూడా ఉంటే సిగ్నల్ తెగినచోట ఫ్రేములు జారిపోవు. ఫ్రేములు జారితే వచ్చే చిక్కు టేపు మొదట్లో కనిపించదు. ఒక్కో ఫ్రేమూ పోతూ పోతూ గంటన్నర దగ్గర శబ్దం బొమ్మకంటే వెనకో ముందో అవుతుంది. దీన్ని పట్టుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు. ఫైలు ఆఖరి పది నిమిషాలకి వెళ్ళి, గెంతి దిగిన చోట ఆపి ఆపి చూడండి: పాదం నేలకి తగిలిన ఫ్రేమూ, చెక్క నేల దబ్బుమన్న శబ్దమూ ఒక్కచోట పడాలి. మొదటి పది నిమిషాల్లో కుదిరి, చివర కుదరకపోతే ఫ్రేములు పోయినట్టే.

ఇంకో మాట. తెల్ల కాస్ట్యూములతో కోర్ (బృంద డాన్సర్లు) మొత్తం నిలబడే దృశ్యాల్లో, క్యాప్చర్ చేసేవాళ్ళు, అంటే టేపుని కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళు, వెలుగు స్థాయిని చేత్తో తగ్గించాలి. ఆటోమేటిక్‌కి వదిలేస్తే తెలుపు పేలిపోయి ఇరవై నాలుగు మంది ఒకే ముద్దయిపోతారు. క్యాప్చర్ సమయంలో పోయిన తెలుపు తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు. మనిషి మిషను ముందు కూర్చుని చేసే పనికీ, పదుల మిషన్లు వాటంతట అవి నడిచే పనికీ తేడా ఇక్కడే బయటపడుతుంది.

ఔత్సాహికుల బలహీనత ఒక్కటే, టైము. వాళ్ళకి ఇది రాత్రిపూట పని. నలభై టేపులు ఇచ్చి నెలలో కావాలంటే జరగదు. టేపు ఎంతసేపు ఉంటే క్యాప్చర్ అంతసేపూ పడుతుంది, దానికి దగ్గరి దారి లేదు.

యూమాటిక్, అరంగుళం ఓపెన్ రీల్ ఉంటే మాత్రం సరాసరి ప్రత్యేక ల్యాబుకే వెళ్ళాలి. 1970ల్లో, 80ల తొలినాళ్ళలో కంపెనీలు రిహార్సళ్ళు రికార్డు చేసుకున్నది చాలావరకు వీటి మీదే. వీటిలో కొన్ని రకాల టేపులకి జిగురు పొర గాల్లో తేమ పీల్చుకుని బంకబంకగా మారుతుంది. మిషన్లో పెడితే కీచుమంటుంది, హెడ్లకి అంటుకుంటుంది, పై పూత రాలిపోతుంది. ల్యాబులు అలాంటి టేపుని 50 డిగ్రీల పైచిలుకు నిలకడైన వేడిలో ఎనిమిది గంటలో ఇంకా ఎక్కువసేపో ఉంచి, ఆరబెట్టి, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే కాపీ తీస్తాయి. దీన్ని ఇంట్లో వంట ఓవెన్‌లో చేసే ప్రయత్నం చేయొద్దు; ఆ ఓవెన్లలో వేడి పదిహేను డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. టేపు చుట్ట అంచుల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. ఆ టేపుని మామూలు వీసీఆర్‌లో ఒక్కసారి నడిపినా బూజు హెడ్లకి పట్టి, తర్వాత వేసిన ప్రతి టేపుకీ అంటుతుంది. పెద్ద సంస్థలు బూజు టేపుల్ని చాలావరకు తిప్పి పంపేస్తాయి, అది వాళ్ళ పట్ల మెచ్చుకోవాల్సిన విషయం. ల్యాబు ఖర్చు మిగతా ముగ్గురి కంటే చాలా ఎక్కువ, అందుకే అన్ని టేపులూ అక్కడికి పంపడం దండగ.

ఫిల్ము రీళ్ళది వేరే లోకం. టేపుకి పాదం సమస్య అయితే ఫిల్ముకి వేగం సమస్య. మూగ సూపర్ 8 సాధారణంగా సెకనుకి 18 ఫ్రేములు, అంతకుముందటి 8 ఎంఎంది 16. సర్వీసు అన్నిటినీ ఒకే గాటన కట్టి 24 దగ్గర నడిపితే 18ది మూడో వంతు వేగం పెరుగుతుంది, 16ది సగానికి సగం పెరుగుతుంది. అప్పుడు నెమ్మదిగా సాగే అడాజియో కూడా బొమ్మలాటలా ఉంటుంది. మంచి స్కానింగ్ అంటే ఒక్కో ఫ్రేమునీ విడిగా ఫోటో తీసినట్టు తీసి, ఫైలుకి సరైన వేగం తర్వాత పెట్టడం. ఆ వేగం ఎంతో రీలు డబ్బా మీద రాసి లేకపోతే గెంతుల్ని బట్టి కనుక్కోవచ్చు, ఎందుకంటే గురుత్వాకర్షణ ఏ కెమెరాకీ లొంగదు. శరీరం సుమారు అర మీటరు పైకి లేచిన గెంతుని ఎంచుకుని, కాలు నేల వదిలిన ఫ్రేము నుంచి తగిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. అలాంటి గెంతుకి 0.64 సెకను పడుతుంది. లెక్క పదకొండు పన్నెండు దగ్గర తేలితే 18, పదిహేను దగ్గర తేలితే 24. నాలుగైదు గెంతులు చూస్తే అనుమానం తీరిపోతుంది.

శబ్దం ఉన్న 16 ఎంఎం ఫిల్ము విషయంలో తప్పు ఇంకా సన్నం. 24 దగ్గర తీసినదాన్ని పాల్ దేశాల్లో 25 దగ్గర నడిపి టేపుకెక్కించేవారు. పది నిమిషాల భాగం 9 నిమిషాల 36 సెకన్లకే అయిపోతుంది, శ్రుతి అరస్వరానికి కాస్త తక్కువగా పైకి పోతుంది. ఆర్కెస్ట్రా వాళ్ళకి శ్రుతి దొరుకుతుంది, డాన్సర్లకి "ఇంత వేగంగా మేం ఎప్పుడూ చేయలేదే" అనిపిస్తుంది. వాళ్ళే కరెక్టు. ఫైలుని 24కి వెనక్కి తెస్తే రెండూ సరిపోతాయి.

ఇక కుడి ఎడమలు. ఫిల్ముకి రసాయన పూత ఉన్నవైపు, లేనివైపు అని రెండు ముఖాలుంటాయి. తిరగేసి స్కాన్ చేస్తే బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుంది. స్టేజి మీద అక్షరాలేవీ ఉండవు కాబట్టి సర్వీసు వాళ్ళకి తెలిసే అవకాశం లేదు. అందరూ ఎడమవైపుకే పిరుయెట్లు తిరుగుతుంటే, ప్రవేశాలన్నీ అవతలి వింగ్‌లోంచి వస్తుంటే ముందు ఇదే అనుమానించాలి. సరిచేయడం ఒక్క క్లిక్కు పని, కాకపోతే షోకి ముందే జరగాలి. రీలు డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఫిల్ము పట్టీ కుళ్ళుతున్నట్టు, కుంచించుకుపోతున్నట్టు. దాన్ని ప్రొజెక్టరులో వేయకూడదు, పళ్ళ చక్రాలు రంధ్రాల్ని చీల్చేస్తాయి. పళ్ళ చక్రం లేకుండా రోలర్ల మీద నడిచే స్కానరు ఉన్నవాళ్ళకే ఇవ్వాలి.

ఏ సర్వీసుని ఎంచుకున్నా, పంపే ముందు చేసే పనే సగం ఫలితాన్ని తేలుస్తుంది. ఒకే ప్రదర్శన టేపు పదిమంది దగ్గర ఉంటుంది, వాటిలో తొమ్మిది కాపీకి కాపీలు. వీహెచ్ఎస్ నుంచి వీహెచ్ఎస్‌కి కాపీ తీసిన ప్రతిసారీ రంగులు పాకుతాయి, వివరం పోతుంది. ముందు అందరి దగ్గరా ఉన్నవాటి జాబితా రాసుకుని, ఏది ఎవరి నుంచి వచ్చిందో కనుక్కుని, అసలుకి దగ్గరగా ఉన్నదాన్నే పంపండి. రెండు గంటల ఎస్‌పీ వేగంలో రికార్డయినది ఉంటే ఆరు గంటల ఈపీ కాపీ జోలికి వెళ్ళొద్దు. దేశదేశాల నుంచి వచ్చిన డాన్సర్లున్న కంపెనీ అయితే పాల్, ఎన్‌టీఎస్‌సీ, సెకామ్ మూడు టీవీ పద్ధతులూ కలిసిపోయి ఉంటాయి. ప్రతి టేపు మీదా అది ఏ పద్ధతిదో రాయాలి. తెలియకపోతే రికార్డు చేసిన దేశం పేరు రాసినా చాలు. వీహెచ్ఎస్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకు విరిచేయండి, ఇక పొరపాటున కూడా దాని మీద రికార్డు కాదు. వీడియో8, మినీడీవీలకి విరిచే పలుకు బదులు జరిపే మీట ఉంటుంది. అన్నీ ఒకే పెట్టెలో పంపొద్దు. మొదట ఒక్క టేపు పంపి, వచ్చిన ఫైలుని పైన చెప్పిన పరీక్షలన్నిటికీ పెట్టి, ఆ తర్వాతే మిగతావి.

మినీడీవీ గురించి ఒక హెచ్చరిక: అది పుట్టుకతోనే డిజిటల్. ఫైర్‌వైర్ తీగ ద్వారా ఉన్నదున్నట్టు దింపుకుంటే గంటకి 13 జీబీ అవుతుంది, నష్టం సున్నా. ఎల్లో ప్లగ్గు తగిలించి మళ్ళీ క్యాప్చర్ చేసే సర్వీసులు ఇంకా ఉన్నాయి. అలాంటివాళ్ళకి ఇవ్వొద్దు. యూఎస్‌బీ డాంగిల్‌తో సొంతంగా చేసుకుందామనుకునేవాళ్ళకి కూడా అదే మాట: వీహెచ్ఎస్ మీద వీడ్కోలు సభ ఉపన్యాసాలుంటే డాంగిల్ చాలు, డాన్స్ ఉంటే చాలదు.

తిరిగి ఏం కావాలో కూడా ముందే రాసుకోవాలి. దాచుకోవడానికి ఎఫ్ఎఫ్‌వీ1 గానీ ప్రోరెస్ గానీ, చూడటానికి ఎంపీ4. రెండూ ఇవ్వని సర్వీసుకి మా మార్కులు సగానికి పడతాయి. "ఏఐతో 4కే చేసి ఇస్తాం" అంటే మర్యాదగా వద్దనండి. వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే వివరం 240 గీతల లెక్కలో ఉంటుంది. దూరం నుంచి తీసిన స్టేజి షాటులో ఒక మొహానికి దక్కేది నాలుగైదు చుక్కలు. లేని వివరాన్ని సాఫ్ట్‌వేర్ కల్పిస్తుంది. పాయింట్ షూ మొన కరిగిపోయి బూటులా తేలుతుంది, ట్యూట్యూ వల ప్లాస్టిక్ పళ్ళెం అవుతుంది, కోర్‌లో రెండో వరుస వాళ్ళకి ఎవరివో కొత్త మొహాలు వస్తాయి. మనుషుల్ని గుర్తుపట్టడానికే వేస్తున్న వీడియోలో ఇది క్షమించలేని తప్పు.

గుర్తుపట్టడం అన్నాం కాబట్టి, ప్రతి సర్వీసునీ అడగాల్సిన ఇంకో చిన్న పని ఉంది, దాదాపు ఎవరూ అడగరు: మూల మీద టైమ్‌కోడ్ అచ్చయిన అదనపు ఎంపీ4. రీయూనియన్ జరిగే చోట పక్క గదిలో దాన్ని వేసి, కాగితాలు పెన్సిళ్ళు పెడితే, వచ్చినవాళ్ళు "00:41:17, రెండో వరుస, ఎడమ నుంచి మూడో మనిషి" అని పేర్లు రాసిపోతారు. తర్వాత క్యాటలాగులో వెతకడానికి ఇంతకంటే మంచి ఆధారం ఉండదు. దీన్ని వాయిదా వేయడం కుదరదు. 2000లో న్యూ ఆర్లీన్స్‌లో, దేశదేశాలు తిరిగి ప్రదర్శనలిచ్చిన బాలే రూస్ కంపెనీల పాత డాన్సర్లు కలుసుకున్నప్పుడు, 1930ల నాటి తరం వాళ్ళు ఎనభైల్లో ఉన్నారు. పాత బ్యాలేల స్టెప్పుల్ని జ్ఞాపకంలోంచే తిరిగి నిలబెట్టిన ఫ్రెడరిక్ ఫ్రాంక్లిన్ 2013లో, తొంభై ఎనిమిదో ఏట పోయారు. అదే తరం డాన్సరు ఇరీనా బరోనోవా అంతకుముందే 2008లో. టేపులో రెండో వరుస అమ్మాయి పేరు చెప్పగలిగేవాళ్ళు ఒకరిద్దరే మిగిలే దశ ప్రతి కంపెనీకీ వస్తుంది.

షో రోజుకి సర్వీసుతో పనిలేదు గానీ, వాళ్ళ మంచి పనిని పాడుచేసేది టీవీ సెట్టింగే. లేని ఫ్రేముల్ని మధ్యలో కల్పించే మోషన్ స్మూతింగ్ ఆపేయాలి, తెరని 4:3 దగ్గర ఉంచాలి, ల్యాప్‌టాప్ నుంచి సెకనుకి 50 ఫ్రేములు తడబడకుండా వెళ్తున్నాయో ముందు రోజు చూసుకోవాలి.

ఫైళ్ళు అందరికీ పంచే విషయంలో సర్వీసులు బాధ్యత తీసుకోవు, తీసుకోవాల్సిన అవసరమూ లేదు. కొరియోగ్రఫీ హక్కు వేరు, సంగీతం హక్కు వేరు, రికార్డింగు హక్కు వేరు. అమెరికాలో 1976 నాటి కాపీరైట్ చట్టం కొరియోగ్రఫీని పేరు పెట్టి చేర్చింది, అది 1978 నుంచి అమల్లో ఉంది. కొరియోగ్రాఫర్ జార్జ్ బలన్షీన్ బ్యాలేల వ్యవహారం 1987లో ఏర్పడ్డ ట్రస్టు చూస్తుంది. కొన్ని సర్వీసులు ఫైళ్ళని తమ వెబ్‌సైటులో అందరికీ తెరిచిన లింకుగా పెట్టేస్తాయి. దాన్ని ఆపేసి హార్డ్ డిస్కులో తీసుకోండి. అసలు టేపుల్ని వెనక్కి తెచ్చుకుని నిలువుగా, చల్లగా, పొడిగా ఉండేచోట పెట్టండి. పారేయడం సర్వీసు ఫారంలో ఒక టిక్ పెట్టే అవకాశంగా ఉంటుంది, దాన్ని మాత్రం ఖాళీగా వదిలేయండి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోని జెరోమ్ రాబిన్స్ డాన్స్ విభాగం లాంటి చోట్లకి ఇవ్వాలనుకుంటే వాళ్ళు అడిగేది అసలు టేపునే, దాంతోపాటు పక్కగదిలో రాసిన ఆ పేర్ల కాగితాలు కూడా ఇస్తే వాళ్ళ పని సగం తగ్గుతుంది.